తప్పు కొత్త గ్యాసుదంట

రాప్తాడు రోడ్డులో కార్ల ఏసీలు బాగుచేసే షెడ్డు నాది. పాత రకం గ్యాసు దొరకడం నిలిచిపోయినాక, నారపరెడ్డన్న అంబాసిడర్ ఏసీకి కొత్త గ్యాసు ఎక్కించినా. ఊరికే నింపలేదు. పాత ఆయిలంతా కడిగి, పైపులు, రబ్బర్లు మార్చినా. అయినా వారం తిరక్కముందే వచ్చి, "ఏమప్పా, ఇది గ్యాసా, పొయ్యి సెగా? మోసం చేసినావు" అని నలుగురి ముందర అరిచినాడు.

నాకు ఒళ్లు మండింది. "పదన్నా, నేనూ వస్తా" అని కార్లో కూర్చున్నా. ఏసీ ఆన్ చేసినాడు. నాలుగు అద్దాలూ దించినాడు! బయట వడగాలి.

"అద్దాలెత్తన్నా!"

"ఎలక్షన్ల టైమప్పా. ఎత్తితే జనం పొగరంటారు" అని, ఎదురొచ్చిన ప్రతి మనిషికీ దండం పెడతా పోయినాడు. మళ్లా తప్పు నా గ్యాసుదంట!

ఎంపీటీసీగా గెలిచినాడు. నిన్న నీళ్ల ట్యాంకర్ రాలేదని మా వీధి ఆడోళ్లు ఖాళీ బిందెలతో ఆ కారుకు అడ్డం నిలబడినారు. నేను పోయి అద్దం మీద దబదబా కొట్టినా.

దించలేదు. లోపల చలికి కండువా భుజాల నిండా కప్పుకొని కూర్చున్నాడు.