మారు వడ్డన

అమెరికాలో, ఇర్వింగ్‌లో కొత్తగా దిగిన తెలుగువాళ్ళెవరైనా కరుణమ్మ సలహా తీసుకోవాల్సిందే. అడగకపోయినా ఆవిడ ఇచ్చేది. ఆస్పత్రిలో పదేళ్ళుగా నర్సు పని చేస్తోంది కనుక తెల్లవాళ్ళ మర్యాదలన్నీ తనకు కొట్టినపిండి అని ఆవిడ ధీమా.

ఎనభై నాలుగు వేసవిలో విద్య వచ్చి పడింది. ఆమె భర్త భాస్కర్‌ని కంపెనీ రెండేళ్ళకని ఇటలీలో ఓ చిన్న ఊరికి పంపింది. ఇల్లు దొరికితే తప్ప భార్యనీ చంటిపిల్లనీ పిలిపించుకోలేడు. అతను చూసిన ఇంటి యజమానురాలు తెరేసా అనే ముసలావిడ, ఇప్పుడు ఇర్వింగ్‌లోనే తమ్ముడింటికి వచ్చి ఉంది. మనిషిని చూడందే ఇల్లు ఇవ్వనంది. ఆదివారం భోజనానికి రమ్మంది.

"పెట్టింది తిను. ఇంకా కావాలా అంటే ఒక్కసారి నో థాంక్యూ అను, అంతే. మారు వేసుకున్నావో, తిండికి మొహం వాచామనుకుంటారు. ఇంటి సంగతులు అసలు అడక్కు," అంది కరుణమ్మ కార్ డ్రైవ్ చేస్తూ.

"ఇటలీవాళ్ళకీ ఇంతేనా అక్కా?"

"ఎక్కడైనా ఇంతే. నా మాట విను."

విద్య విన్నది. టమాటా పులుసు కలిపిన పాస్తా ఒక పళ్ళెం తిని, తెరేసా గరిటెతో రాగానే చిరునవ్వుతో "నో థాంక్యూ" అంది. ముసలావిడ మొహం చిన్నబోయింది. గిన్నె ఠపీమని బల్లమీద పెట్టి, తమ్ముడితో ఏదో గొణిగింది. ఇంటి మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ మొహం కరుణమ్మకు తెలుసు. గుడివాడలో, అల్లుడు మారు వేసుకోకుండా లేచిన రోజున తన తల్లి మొహం అచ్చం ఇలాగే అయింది. తన సలహా వల్ల ఈ పిల్ల కాపురం రెండేళ్ళు రెండు దేశాల్లో ఉండిపోతుందా?

ఆలోచించకుండా తన పళ్ళెం ముందుకు చాపింది. "విద్యా, పళ్ళెం పట్టు! ఈవిడ మనలాంటి మనిషే. బాగుందని చెప్పి అడిగి వేయించుకో."

విద్య పళ్ళెం పట్టింది. ఎవరు నేర్పారు ఈ వంట అని కూడా అడిగింది. తమ్ముడు తర్జుమా చేసేలోపే తెరేసా మొహం విప్పారింది. మూడోసారి గరిటె వచ్చేసరికి, విద్య ఇక లాభం లేదని రెండు చేతులూ పళ్ళేనికి అడ్డం పెట్టింది. ముసలావిడ పకపకా నవ్వి, వేళ్ళ సందులోంచే ఒక గరిటె జారవిడిచింది.

పళ్ళేలు తీస్తూ తమ్ముడు చెప్పాడు. "పాపకి పాలు ఎక్కణ్ణుంచి తెప్పించాలని అక్క అడుగుతోంది. మీరు ఎప్పుడు వస్తున్నారో చెప్పండి."

కార్ ఎక్కగానే విద్య కళ్ళు తుడుచుకుంది. "అక్కా, అక్కడికెళ్ళాక ఇంకేం జాగ్రత్తలు?"

కరుణమ్మ సీటు బెల్టు పెట్టుకుని, ఎప్పటి ధీమాతోనే చెప్పింది.

"నేను చెప్పినవన్నీ మర్చిపో. మీ అమ్మ చెప్పినవి గుర్తు తెచ్చుకో."