పడుకోబెట్టిన ఇసుక గడియారం

పిన్ని ఇసుక గడియారాన్ని ఆ ఉదయం ఐదోసారి తిరగేసింది.

"మొదలుపెట్టమ్మా."

ఎదురుగా కూర్చున్న టైలరమ్మాయి రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. పిన్ని గడియారాన్ని బల్లమీద పక్కకు పడుకోబెట్టింది. ఇసుక జారడం ఆగింది.

"తొందరేం లేదు. నీ టైము ఎక్కడికీ పోలేదు. ఇదిగో, ఇక్కడే ఉంది."

పంతొమ్మిదేళ్లుగా ఆమెకు అదే పని. శాసనసభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పేవాళ్లకు మూడు నిమిషాలే ఇస్తారు. ఏళ్ల తరబడి పడ్డ దెబ్బలను ఆ మూడు నిమిషాల్లో ఇమడ్చడం ఆమె నేర్పుతుంది. తర్వాత వాళ్ల చేతిసంచులు ఒళ్లో పెట్టుకుని చివరి వరుసలో కూర్చుంటుంది. ఆ గదిలో ఎన్నడూ నోరు విప్పలేదు. ఆడవాళ్ల కేసులు చూసే ఆ ఆఫీసులో అందరికీ ఆమె పిన్నే, తనకంటే పదేళ్లు పెద్దదైన లాయరమ్మకు కూడా.

"నిన్ను పిన్నీ అంటుంటే నా వయసు తగ్గుతోందే" అంటుంది లాయరమ్మ.

"తగ్గించుకోండి, నా సొమ్మేం పోయింది!"

ఆ రోజు తేలాల్సింది ఒక్క సవరణ. కొట్టే మొగుడి నుంచి రక్షణ కోరితే కోర్టు ఉత్తర్వు రావడానికి పద్నాలుగు రోజులు పడుతోంది. అడిగిన రోజే ఇవ్వాలన్నది సవరణ. రెండేళ్లు వరసగా కమిటీలోనే ఓడింది. మూడోసారి ఓడితే ఈ సభ ఉన్నన్నాళ్లూ మళ్లీ తేవడానికి వీల్లేదు. ముగ్గురు సాక్షుల్లో ఇద్దరు భయపడి తప్పుకున్నారు. మిగిలింది టైలరమ్మాయి.

పిన్ని అక్క కూడా ఒకప్పుడు ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూసింది. తొమ్మిదో రోజు దాటి బతకలేదు.

పదకొండింటికి పిలుపు వచ్చింది. సభ్యులు పదకొండు మంది. ఒకరు ఫోను చూసుకుంటున్నారు, ఇద్దరు గుసగుసలాడుకుంటున్నారు. సాక్షి బల్లమీద మూడు నిమిషాలు కొలిచే పచ్చదీపం వెలిగింది. పిన్ని ఒళ్లోని సంచిమీద గడియారం తిరగేసింది.

"ఆర్డరు కోసం పద్నాలుగు రోజులు ఆగమన్నారండీ" అంది టైలరమ్మాయి. "రాత్రిళ్లు షాపులో కటింగు బల్ల కింద పడుకున్నాను. ఆయనకి షాపు తెలుసు."

అక్కడ ఆగింది. అలవాటుగా పిన్ని చెయ్యి గడియారాన్ని పడుకోబెట్టింది. అమ్మాయి వెనక్కి తిరిగి అది చూసింది. చూసి, నింపాదిగా ఊపిరి పీల్చుకుంటూ కూర్చుంది.

అప్పుడు తెలిసింది పిన్నికి తను చేసిన తప్పు. దీపానికి ఆగడం తెలియదని ఈ అమ్మాయికి తను చెప్పనే లేదు.

పచ్చదీపం పసుపైంది. పసుపు ఎరుపైంది.

"సమయం అయిపోయిందమ్మా" అన్నాడు అధ్యక్షుడు. "ఇక ఓటింగు."

పిన్ని లేచింది. సంచి జారి నేలమీద పడింది.

"అయ్యా, తప్పు నాదండీ."

"మీరెవరు?"

"గడియారం పట్టుకునేదాన్నండీ." ఎవరో నవ్వారు. "ఈ అమ్మాయి ఆగినప్పుడల్లా నేను దీన్ని పడుకోబెట్టాను. తను ఆగితే టైమూ ఆగుతుందనుకుంటోంది. అలా నేర్పింది నేనే."

ఆమె గడియారాన్ని రెండు చేతులతో అడ్డంగా ఎత్తి చూపించింది. అధ్యక్షుడు కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఎంత మిగిలింది?"

"సగం పైనే ఉందండీ."

అతను కాసేపు దానివంకే చూశాడు. తర్వాత గుమాస్తాతో, "ఆ దీపం తీసేయండి" అన్నాడు.

టైలరమ్మాయి కుడిచెయ్యి బల్లమీద పెట్టింది. రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు.

"పదకొండో రోజు వచ్చాడండీ. ఇప్పుడు కత్తెర పట్టలేను. పద్నాలుగో రోజున ఆర్డరు ఆసుపత్రికి తెచ్చిచ్చారు."

అంతే చెప్పింది. పదకొండు మందిలో ఒక్కరూ కదల్లేదు. ఫోను బోర్లా పడి ఉంది. గోడ అవతల ఎవరో కుర్చీ లాగిన చప్పుడు గదంతా వినిపించింది. పంతొమ్మిదేళ్లలో ఎన్నో సాక్ష్యాలు విన్న పిన్ని, నిలబడ్డానన్న సంగతే మరిచి, మొదటిసారి వింటున్నదానిలా ఆ అమ్మాయి వీపు వంక చూస్తూ ఉండిపోయింది. అంత చిన్న గొంతు, అంత పెద్ద గది.

ఏడు ఓట్లు అటు, నాలుగు ఇటు. సవరణ సభకు వెళ్లింది.

సాయంత్రం పిన్ని గడియారాన్ని తన బల్లమీద ఎలా తెచ్చిందో అలాగే, అడ్డంగా పెట్టింది.

"నిలబెట్టవేం పిన్నీ?" అంది లాయరమ్మ.

"ఉండనీయండి. ఆ అమ్మాయిది ఇంకా మిగిలే ఉంది."

పిన్ని ఆరున్నర బస్సుకు ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు ఉదయం పిన్ని చెల్లెలు ఆఫీసుకు ఫోను చేసింది. పిన్ని టీ పెట్టుకుంటూ, పొయ్యి పక్క కుర్చీలో అలాగే పోయిందని చెప్పింది.

పన్నెండు రోజులకు సభలో సవరణ నెగ్గింది. టైలరమ్మాయి ఆఫీసుకు వచ్చి, అడక్కుండానే పిన్ని బల్ల తుడిచింది. గడియారం దగ్గర చెయ్యి ఆపి, దాని చుట్టూ మాత్రమే తుడిచింది. రెండు గోళాల్లోనూ ఇసుక ఉంది, కదలకుండా.