ముహూర్తానికి తెరిచిన పేజీ

పరీక్ష మొదలుపెట్టే ముందు మీ బ్రౌజరు సరిపోతుందో లేదో చూసుకోండి అని నేను ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన విశాఖపట్నం కంపెనీ వాళ్లు రాశారు. కొట్టు వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చుని చూశాను. కెమెరా పక్కన పచ్చ టిక్కు. మైకు పక్కన పచ్చ టిక్కు. బ్రౌజరు పక్కన ఎర్ర ఇంటూ. ఇది పాతది, కొత్తది వేసుకుని, మొత్తం మూసి మళ్లీ తెరవమంది. ఫోనులో రాయడానికి కుదరదట. అప్పటికి టైము పదీ ఇరవై. పరీక్ష పదకొండుకి, ఒక్కసారే. నెగ్గితే ఇంట్లోంచే ఉద్యోగం, నా పేరు మీద జీతం.

కొత్తది వేయడం నాకు చిటికెలో పని. మూయడమే కుదరదు. నరసన్నపేటలో మా స్టీలు సామాన్ల కొట్టుకి ఈ కంప్యూటరు కిందటి దసరాకి వచ్చింది. విజయదశమి నాడు ముహూర్తం పెట్టించి, మా అత్తగారు పార్వతీదేవి పసుపు వేలితో మౌసు నొక్కి ఈ బ్రౌజరులోనే బిల్లుల పేజీ తెరిచారు. "లచ్చిమి లోపలికొచ్చినాది. ఇంక ఈ పేజీ ఎవులూ ముయ్యకండి" అన్నారు. అంతే, పది నెలలుగా ఎవరూ మూయలేదు. కరెంటు పోతే ఇన్వర్టరు. ఆ ఇన్వర్టరుకి నీళ్లు పోసేది నేను. అఖండ దీపానికైనా వత్తి మారుస్తారు, దీనికి అదీ లేదు. కొత్త బ్రౌజరు వేసుకోమని కంప్యూటరు అడిగినప్పుడల్లా "తర్వాత" అని నొక్కేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అదీ రాలేదు.

నేను చదివింది ఎంసీఏ. పెళ్లయిన ఈ ఆరేళ్లలో మా ఆయన ఆనంద్‌కుమార్ టాక్సు కాగితాలు, మరిది ఈశ్వర్ ఉద్యోగాల దరఖాస్తులు, అత్తగారి దర్శనం టిక్కెట్లు, ఆడపడుచు పిల్లల కాలేజీ సీట్లు అన్నీ నేనే నింపాను. పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా ఫోటోలు చిన్నవి చేశాను, సంతకాలు ఎక్కించాను. సీటు వస్తే పిల్ల తెలివి, రాకపోతే "సింధూరి సరిగ్గా నొక్కలేదు". ఒకసారి ధైర్యం చేసి, నాకూ నెలకింత ఇవ్వమన్నాను. "రెండు నొక్కులు నొక్కినదానికి జీతమేటే? నీకు తిండెట్టట్లేదేటి?" అన్నాడాయన. భోజనాల దగ్గర అందరూ నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. వాళ్ల నవ్వు మర్చిపోయాను గానీ నాది మర్చిపోలేదు.

లేచి కొట్టులోకి వెళ్లి, ఆ పేజీ ఒక్కసారి మూయాలని మా ఆయనకి చెప్పాను. ఆయన కొనడానికొచ్చిన ఒక పెద్దాయనకి బిందె తూకం వేస్తూ తల ఎత్తలేదు.

"ఇయ్యాల శుక్కురవారం. అమ్మనడగాల. రేపు సూద్దాంలే."

"పరీక్ష ఈవేళే. ఇంకో అరగంటే ఉంది."

"పరీచ్చ ఎక్కడికి పోతాది? ఈలోగా రెండు టీలెట్టు, ఈయనకీ నాకూనూ."

టీ పెట్టాను. చేతులు వాటంతట అవే అల్లం దంచాయి. కోపం వస్తుందేమో అని చూసుకున్నాను, రాలేదు. గ్లాసులు ఇచ్చి వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. పదీ నలభై. పేజీ కింద ఇవాళ్టి పొద్దుటి బిల్లు ఉంది. అది భద్రం చేసి, కొత్త బ్రౌజరు దింపుకుని, మూసేశాను. తెర ఒక్క నిమిషం ఖాళీగా ఉంది. మళ్లీ తెరిచి పరీక్ష వాళ్ల పేజీకి వెళ్లి చూస్తే మూడూ పచ్చ టిక్కులే. బిల్లుల లెక్క ఎక్కడిదక్కడే ఉంటుందని నాకు ముందే తెలుసు. పది నెలలుగా తెలుసు.

ఖాళీ గ్లాసులు పట్టుకుని ఆయన గుమ్మంలోకి వచ్చాడు. తెర చూశాడు.

"లచ్చిమి పేజీ ఏదే?"

"మూసేశాను."

"అమ్మకి ఏటి సెప్పమంటావు?"

"నేను మూశానని చెప్పండి. ఆ గ్లాసులు కడిగేసి, వెళ్తూ తలుపు దగ్గరకి వేయండి, పరీక్ష మొదలవుతోంది."