ఎడమ పక్క సీటు

కారు తలుపు గట్టిగా వేస్తాడేమో, వేస్తే మాత్రం అమ్మను, ఎంతిస్తానన్నా అమ్మను, లేదు, మెల్లగానే వేశాడు, పర్లేదు, కరీంనగర్ నుంచి పొద్దున్నే బయల్దేరి కాగజ్‌నగర్ దాకా వచ్చిన కుర్ర డాక్టరు, పేరు అర్జున్, చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాకే కారు మీద చెయ్యి వేశాడు, రంగుకు గీత పడుతుందని, ఆ ఒక్క పనికే సగం మెత్తబడ్డాను, అరవై నాలుగు మోడల్, ఎర్ర స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, పైకప్పు లేదు, ఇక్కడి పేపరు మిల్లు ఇంజనీరొకాయన బదిలీ మీద పోతూ నాకమ్మితే ముప్పై ఏళ్లుగా ఈ చేతులే చూసుకున్నాయి, మిల్లు మూతపడి నా గ్యారేజీలో ఈగలు తోలుకున్న నాలుగేళ్లూ అమ్మలేదు, ఇప్పుడు మోకాలు క్లచ్ తొక్కనివ్వడం లేదు కాబట్టి గానీ.

ప్రతి శుక్రవారం నమాజుకు ముందు కారు ముసుగు తీయడం, తుడవడం, స్టార్ట్ చేసి స్టేషన్ దాకా పోయి రావడం, అంతే, సత్తార్ సాబ్, గీ మీటర్ నిజమేనా, మీరు కొన్నంక ముప్పై ఏండ్లల్ల మూడు వేల మైళ్లేనా అంటున్నాడు అర్జున్, నిజమే బేటా, ఫికర్ చెయ్యకు అన్నాను, గర్వంగానే అన్నాను, గా ఎడమ సీటు ఇంకా కొత్త తోలు వాసనే వస్తున్నది, ఎవ్వరు కూసోలేదా సాబ్ అన్నాడు, నేను కొన్నప్పుడే కొత్త తోలు వేయించిన సీటు, ఎవరు కూర్చుంటారు, నసీమా అడిగింది, మా కూతురు లైబా కడుపులో ఉన్నప్పుడు, భైంసల మా అమ్మీ ఇంటికి గీ కార్ల పోదామా అని, పత్తి సీజన్, లారీలు, రాళ్లు ఎగిరి తగుల్తయ్, బస్సుల పోదాం అన్నాను, సరే అంది నా పెళ్లాం, దారంతా కిటికీ ఊచ పట్టుకుని కక్కుతూనే ఉంది, పక్కన నేను కారుకు ముసుగు సరిగ్గా కప్పానా లేదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను, మరోసారి జైనూర్ గుట్టలు చూద్దామంది, గుంతలన్నాను, తర్వాత అడగడం మానేసింది, ఎప్పుడు మానేసిందో కూడా గుర్తు లేదు, సిగ్గుగా ఉంది.

గిసొంటి సీటు ఏడ దొరకది అని మురిసిపోతున్నాడు అర్జున్, నసీమా చాయ్ తెచ్చింది, నోరు దానంతటదే అనేసింది, నసీమా, జర ఇట్ల రా, ఎక్కు, ఒక్క చక్కర్ కొట్టొద్దాం, మోకాలు పోతే పోయింది, అర్జున్ నవ్వుతూ తలుపు తీసి పట్టుకున్నాడు, రండి చాచీ అన్నాడు, ఆమె కప్పులు అరుగు మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, రెండడుగులు వేసి, కారుకు జానెడు దూరంలో ఆగిపోయింది, చీర అంచు కూడా తగలకుండా కుచ్చిళ్లు దగ్గరికి పట్టుకుంది, నాకేసి చూసి, వద్దు లైబా అబ్బా, నా చెప్పులకు దుమ్మున్నది, సీటు ఖరాబైతది, పాపం ఆయన కొనుక్కుంటుండు గద అంది, కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు, ఉంటే బాగుండేది, నిజంగానే భయపడుతోంది, ఆ మాటలన్నీ నావే, ఒక్కొక్కటే నేను నేర్పినవే, ముప్పై ఏళ్లుగా ఈ కారును నేను కాపాడుకుంటూ వచ్చింది నసీమా నుంచే.