ప్రధానం ఉంగరం

ఆళ్లగడ్డలో మా బామ్మర్ది సాల్మన్ రాజు ఇంటి అరుగు మీద కూర్చున్నాను. తాగడానికి నీళ్లు కూడా ఇవ్వలేదు. అతని అక్క సువార్తమ్మ నా భార్య. మా పెద్దకూతురు సౌజన్య ఆ ఇంటికే కోడలు, అతని పెద్దకొడుకు ప్రదీప్ భార్య. ఆమె ఒళ్లో పసిబిడ్డ. వాడి చేతి తోలు నా చేతి తోలులాగే ముడతలుపడి వేలాడుతోంది.

"ముసలోన్ని కనింది," అంది సాల్మన్ భార్య కమలాక్షమ్మ. "నీ ఇంటి నెత్తురన్నా ఇది."

"కాదమ్మా. నంద్యాల డాక్టరమ్మ పరీక్ష చేయించి చెప్పింది. ఒంట్లో ప్రోటీన్లకు చక్కెర అతికించి పంపే చోటు ఉంటాదంట. గాల్జీ అంటారంట. ఆ పని చేయించే జీన్ చెడింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడ్డవే బిడ్డకొచ్చినాయి. అందుకే తోలిట్లా వేలాడతాదంట."

"మా ప్రదీప్ బాగానే ఉండాడే," అన్నాడు సాల్మన్.

"సౌజన్య కూడా బాగానే ఉంది. ఒకటి చెడితే ఏం కాదంట. మేనరికం కదా సాల్మనూ. నీకూ మీ అక్కకూ ఒకే చోటు నుంచి వచ్చింటాది. మీ అమ్మదో, నాయనదో."

సాల్మన్ లేచి నిలబడ్డాడు. "సచ్చిన మా అమ్మ మీదికి తోస్తాండావా బావా?"

వచ్చిన పని అప్పుడు చెప్పాను. మా చిన్నకూతురు కీర్తనకు, అతని చిన్నకొడుకు జయప్రకాష్‌కు అప్పటికే చర్చిలో ప్రధానం చేసి ఉంగరాలు తొడిగాం. పెళ్లి క్రిస్మస్ అయ్యాక.

"కీర్తనలో కూడా ఆ చెడ్డ జీన్ ఒకటి ఉందంట. జయప్రకాష్‌ నెత్తురు ఒకసారి చూపించు."

"సంతలో ఎద్దా మావోడు, పండ్లు చూసి బేరమాడేదానికి?"

"అయితే పిల్లను ఇయ్యను." జేబులోంచి కీర్తన ఉంగరం తీసి అరుగు మీద పెట్టాను.

"చిన్నదాన్ని ఇయ్యకపోతే పెద్దదాన్ని తోల్కపో. ఆ ముసలోన్ని కూడా," అన్నాడు సాల్మన్.

ప్రదీప్ వాకిట్లో నిలబడి సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడు. నా చెయ్యి మళ్లీ ఉంగరం వైపు పోయింది. సౌజన్య నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యొద్దు నాయనా. రేపు చెల్లికీ ఇట్లాంటోడే పుడితే, దాని మొగం నేను చూడలేను."

బిడ్డను భుజాన వేసుకుని లేచింది.

"పోతే మళ్లా ఈ గడప తొక్కే పనిలేదు," అంది కమలాక్షమ్మ.

"ఆ సంచి ఇయ్యత్తా. వాని గుడ్డలుండాయి."

కమలాక్షమ్మ సంచిని వాకిట్లోకి విసిరింది. అది ప్రదీప్ కాళ్ల దగ్గర పడింది. తీసిస్తాడేమో అని సౌజన్య కాసేపు నిలబడింది.

నేనే వంగి తీసుకున్నాను.