చెవి కోత

రెండు వేల పదమూడు ఫిబ్రవరి పన్నెండు, కార్నివాల్ మంగళవారం, మా మందల పండగ. పొద్దున మేం తిన్నది క్వినోవా జావ, అందులో నలిపి వేసిన గొర్రెపాల చీజ్. మా ఆయన సెవెరో గిన్నె అడుగు వేలితో తుడిచి నాకి, గిన్నె నా ముందుకి తోసి, "ఈసారి లామాపిల్లలన్నిటి చెవులకీ నా కోతే వేస్తా. ఒక ఇంట్లో మూడు కోతలేంటి, నవ్వులాటగా" అన్నాడు. జావలో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా అన్నాడు. నేను గిన్నె తీసుకుని కడగడం మొదలుపెట్టాను. కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతున్నానని మా అమ్మాయి నైదా చెప్పేదాకా నాకు తెలియలేదు.

మా కొండల్లో ఉన్ని కోసం, బరువుల కోసం పెంచే లామా ఎవరిదో దాని చెవి చెబుతుంది. సెవెరో వాళ్ల కోత కుడి చెవి అంచున రెండు గాట్లు. మా అమ్మది, ఆమె నుంచి నాకు వచ్చింది, ఎడమ చెవి కొసన పిట్ట తోకలా రెండుగా చీలి ఉంటుంది. ఆడ లామా ఎవరిదైతే దాని కడుపున పుట్టింది వాళ్లదే. ఆడపిల్లకి పుట్టువెంట్రుకలు తీసిన రోజున ఒక ఆడ లామాపిల్లను ఇస్తారు. అది ఈని, దాని పిల్లలు ఈని, ఆ అమ్మాయి పెళ్లినాటికి చిన్న మంద అవుతుంది. అలా నేను పది ఆడవాటిని తోలుకుని ఈ ఇంటికొచ్చాను. వాటిని చూసి మా అత్త తొరిబియా, "కోడలొచ్చిందా, సంతొచ్చిందా?" అంది. ఆ రోజు అందరితో పాటు నేనూ నవ్వాను. ఇప్పుడు దొడ్డిలో సగం పైన ఎడమ చెవి చీలినవే. ఆ మాట పైకి అనకూడదని మొదటి ఏడాదే నేర్చుకున్నాను.

వానల నెలల్లో జత కట్టిస్తాం. లామాలు నేల మీద కూర్చుని జత కడతాయి. ఆడదాన్ని కూలబెట్టి, కాళ్లకి తాడు వేసి, దాని మెడ నా ఒళ్లోకి తీసుకుని పట్టుకునేది నేను. పోతును తెచ్చి సర్దేది సెవెరో. సర్దడమే అతని పని. ఆ తర్వాత గోడకి ఆనుకుని కోకా ఆకు నములుతూ కూర్చుంటాడు. పోతు గురగురలు ఆగేదాకా బురదలో మోకాళ్ల మీద నేనుంటాను. కొన్నాళ్లకి ఆ ఆడదాన్ని మళ్లీ పోతు ముందుకి తెస్తాం. చూలు నిలిచి ఉంటే అది కూర్చోదు, పోతు మొహాన ఉమ్మేస్తుంది. "ఉమ్మింది, ఉమ్మింది!" అని సెవెరో సంబరపడతాడు. నైదా కడుపులో ఉన్నప్పుడు ఒక రాత్రి నేనూ వద్దన్నాను. "పగలంతా చాకిరీ చేసి వచ్చిన మగాడితో మాట్లాడే తీరేనా అది?" అని అటు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులు మాట్లాడలేదు. కాబట్టి ఉమ్మే ఆడదాన్ని చూసినప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, ఇంకేదో కూడా వస్తుంది. జిల్లా సంతలో అతని పోతు కపితాన్‌కి బహుమతిగా ఎర్ర రిబ్బను కట్టినప్పుడు, కట్టిన పెద్దమనిషి నన్ను చూసి, మీ ఆవిడ కూడా పని చేస్తుందా అని అడిగాడు. "లేదండీ, ఇంట్లోనే ఉంటుంది. ఊరికే లామాల వెనక తిరుగుతుంటుంది" అన్నాడు సెవెరో. కపితాన్ పగ్గం అప్పుడు నా చేతిలోనే ఉంది.

అతను చెడ్డవాడని చెప్పడం లేదు. నైదా పుట్టిన వారమంతా పిడకల పొయ్యి ఆరకుండా కూర్చున్నాడు. ఈ పొద్దున కూడా నేను లేవకముందే ఊట దగ్గరికెళ్లి నీళ్లు మోసుకొచ్చాడు. అదే నాకు కష్టమైంది. నీళ్లు తెచ్చిపెట్టిన చేతినే ఆపాలి. ఆపకపోతే, మా ఆడవాటి కడుపున ఈ ఏడు పుట్టినవన్నీ సాయంత్రానికి అతనివైపోతాయి. వచ్చే ఏడు పుట్టేవీ అంతే. కోసిన చెవి మళ్లీ అతుక్కోదు.

మధ్యాహ్నానికి, నైదాకి బాప్తిస్మం నాడు జ్ఞానతండ్రిగా నిలిచిన కాసిమీరో, అతని భార్య బీరు సీసాలతో, మెడల్లో కాగితపు దండలతో వచ్చారు. దొడ్డిలో నేసిన బట్ట పరిచి నేనూ సెవెరో పక్కపక్కన కూర్చున్నాం. పిల్ల తల నా ఒళ్లో పెట్టుకుని నేను పట్టుకుంటే అతను కోస్తాడు. తెగిన ముక్కను నేలతల్లికి ఇవ్వడానికి కోకా ఆకుల్లో వేస్తాం. ఆ తర్వాత చెవికి రంగుల ఉన్ని కుచ్చులు కుట్టడం ఆడవాళ్ల పని. మొదట అతని వైపు పిల్లలన్నీ అయ్యాయి. నేను పట్టుకున్నాను. తర్వాత కాసిమీరో మబ్బు పిల్లను ఎత్తుకొచ్చాడు. మబ్బు పుట్టువెంట్రుకల నాడు నైదాకి ఇచ్చిన లామా. దానికి బతికి దక్కిన మొదటి పిల్ల ఇది. నైదా తన కోత ఎలా ఉండాలో నెల రోజులుగా ఉన్ని గుడ్డల మీద కత్తిరించి చూసుకుంటోంది. నా చీలికే, దాని కింద ఒక చిన్న రంధ్రం.

"పట్టుకో" అన్నాడు సెవెరో, కుడి చెవి అందుకుంటూ.

"నాన్నా, అది నాది. ఎడమ చెవి."

"నీది కాక ఎక్కడికి పోతుందే. అంతా నీదేగా."

"అయితే నా కోత వెయ్యి."

కాసిమీరో పగలబడి నవ్వాడు. "బావా, నీ కూతురు లాయరైపోయింది. ముందు దానికి బీరు పొయ్యి."

"దీని తల్లి నైదాది" అన్నాను నేను.

"తల్లి ఎవరిదైతే ఏం? కడుపు చేసింది నా కపితాన్. విత్తనం నాది, పంట నాది."

"మరి దాదాపు ఏడాది మోసింది మబ్బు కదా?" అంది నైదా. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. పదేళ్ల పిల్ల.

సెవెరో కత్తి తుడిచి వంగాడు. నా చేతులు జారాయని తర్వాత చెప్పుకోవచ్చు. జారలేదు, నేనే వదిలాను. పిల్ల లేచి ఒక్క గెంతులో తల్లి దగ్గరికి పోయింది. "నువ్వుండు చెల్లెమ్మా, నేను పడతా" అంటూ కాసిమీరో దాని వెనక పరిగెత్తాడు. మబ్బు చెవులు వెనక్కి పెట్టి అతని మొహం నిండా పచ్చగా ఉమ్మింది.

"ఓయమ్మో, కొత్త చొక్కా!"

"చూలేమో, నీకు ఒప్పుకోలేదు!" అని అతని భార్యే అరిచింది. అందరూ నవ్వారు. సెవెరో నవ్వలేదు.

"నెమెసియా, నలుగురూ చూస్తున్నారు. వచ్చి పట్టుకో."

"నేను పట్టుకోను."

గోడ పక్కన కుచ్చులకి దారం ఎక్కిస్తున్న అత్తమ్మ తలెత్తకుండానే అంది. "మీ నాన్న కూడా ఇట్లాగే ఒక కార్నివాల్ నాడు అన్నాడురా, ఒక ఇంటికి ఒకే కోత అని. నేను పట్టుకున్నాను. మా అమ్మ కోత ఎట్లా ఉండేదో ఇప్పుడు ఎంత ఆలోచించినా రావడం లేదు. కుడి చెవా, ఎడమ చెవా?" సూది ఆపి తన చెవే ఒకసారి తడుముకుంది.

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకున్నా గదరా. ఇన్నాళ్లూ చేసిన పని అదే."

సెవెరో మెడ ఎర్రబడింది. నా వైపు తిరిగాడు. "వేరు కోతలు కావాలంటే వేరు మంద పెట్టుకో. నీవి నువ్వే తోలుకో, నువ్వే మేపుకో, నువ్వే ఈనించుకో. అప్పుడు తెలుస్తుంది."

నేను భయపడతానని అనుకున్నాడు. నేనూ అలాగే అనుకుని, లోపల భయం కోసం వెతుక్కున్నాను. తోలడం, మేపడం, ఈనించడం. అతను బెదిరించిన పనులన్నీ నిన్న నేను చేసినవే.

"సరే" అన్నాను. "కత్తి ఇవ్వు."

ఇవ్వలేదు. బట్ట మీద పడేసి ఇంట్లోకి వెళ్లిపోయాడు. పిల్లను మళ్లీ పట్టుకొచ్చి మోకాళ్ల మధ్య ఆపి, నైదా చెయ్యి మీద నా చెయ్యి వేసి ఎడమ చెవి కోశాం. అది ఒక్కసారి అరిచింది. తెగిన ముక్కను నైదా చాలాసేపు అరచేతిలోనే ఉంచుకుని, ఆ తర్వాత ఆకుల్లో వేసింది. మిగిలిన నా పిల్లలకి కాసిమీరో భార్య వచ్చి పట్టుకుంది. నెమ్మదిగా పట్టుకుంది. ఆ ఒక్క పనికి ఆమెకి జీవితాంతం రుణపడి ఉంటాను.

పొద్దు వాలే వేళకి ఎడమ చెవి వాటిని వేరుచేసి, చిత్తడి మేతబీడు పక్కనున్న పాత దొడ్డికి తోలుకొచ్చాను. అక్కడి గుడిసె కప్పు గడ్డి సగం ఎగిరిపోయింది. నక్కల కాలం. జత కట్టే నెల ఇంకా అయిపోలేదు, పోతు అతనిది. అడగాల్సి వస్తుంది, అడిగించుకుంటాడు. ఇవన్నీ తెలిసే వచ్చాను.

"నాన్నకి తిండి ఎవరు పెడతారు?" అంది నైదా, దుప్పట్లోంచి.

"కుండలో ఉంది."

"వేడి ఎవరు చేస్తారు?"

దుప్పటి దాని భుజాల మీదికి లాగేసరికే నిద్రపోయింది. బయట రాళ్ల మీద అడుగులు వినిపించాయి. సెవెరో అనుకున్నాను. తిరిగి రమ్మంటే ఏమనాలో, రమ్మనకపోతే ఏమనాలో, రెండూ ఒకేసారి నోట్లోకి వచ్చాయి.

వచ్చింది అత్తమ్మ. వీపున పరుపు చుట్ట, చంకలో చిన్న కుండ. ఆయాసంతో గడప మీదే నిలబడింది.

"అక్కడేమైనా అయిందా అత్తమ్మా?"

"ఏమీ కాలేదు. కూర్చుని ఉన్నాడు. వాడికి చెప్పే వచ్చా, పొయ్యి ఉంది, చేతులున్నాయి, వేడి చేసుకో అని." గుడిసె నాలుగు మూలలూ చూసి, గోడ వైపు చూపించింది. "కాస్త జరుగు పిల్లా."

జరిగాను. కుండ కింద పెట్టి, పరుపు దించి, వెనక్కి తిరిగి, నైదా లేవకుండా తలుపు మెల్లగా మూసింది.