సత్తమ్మ కూర్చున్న రోజు

డోర్నకల్‌లో ఎవరు తన ఆటో ఎక్కినా తాజుద్దీన్ ఎక్కడికని అడుగుతాడు. అక్షయ ఎక్కితే మాత్రం, "మనసుతోనే ఎక్కుతున్నవా బిడ్డా?" అని అడుగుతాడు. అడగక చస్తాడా? ఇష్టం లేని చోటికి లాగితే ఆ పిల్ల బరువెక్కుతుంది. మూడేళ్లప్పుడు అంగన్‌వాడీకి ఎత్తుకెళ్లబోయి నలుగురు నడుములు పట్టేసి మూలిగారు. టీకాకు తీసుకెళ్లిన రోజు ఆటో ముందు చక్రం గాల్లోకి లేచింది. మొండిదని అందరూ ముద్దుగా తిట్టుకుంటారు గానీ, మెల్లగా పిలిస్తే పరిగెత్తుకొస్తుంది.

నాయనమ్మ సత్తమ్మది వేరే తీరు. డెబ్బై ఏళ్లూ ఎవరు ఎటు రమ్మంటే అటే నడిచింది. గాలి గట్టిగా వీస్తే పట్టుకోవాల్సినంత తేలిక మనిషి.

ఈ ఏడు అక్షయకు రైలింజను నడిపే ఉద్యోగం వచ్చింది. సోమవారం కాజీపేటలో చేరకపోతే చేజారిపోతుంది. తండ్రి ఐలేశ్ వద్దన్నాడు. ముప్పై ఏళ్లుగా పట్టాల వెంట నడిచి బోల్టులు బిగించేవాడు, రైలు కింద పడినవాళ్లను కళ్లారా చూసినవాడు. గడువు దాటేదాకా గార్లలో మేనత్త ఇంట్లో ఉంచుదామని సోమవారం పొద్దున్నే ఆటో పిలిచాడు.

అక్షయ గడపలో కూర్చుంది. లాగితే కదిలేది కాదు. ఐలేశ్ లాగలేదు, ఏడ్చాడు.

"నేను చూసినయి నువ్వు చూడొద్దు బిడ్డా."

బలవంతానికి లొంగని పిల్ల, పాపం, నాన్న కన్నీళ్లకు తేలికైపోయింది. లేచి ఆటో ఎక్కింది. తాజుద్దీన్ ఎప్పటిలాగే అడిగితే తల వంచుకుంది.

అప్పుడు సత్తమ్మ వచ్చి మనవరాలి పక్కన కూర్చుంది. ఆటో కుంగింది. టైర్లు నేలకు అంటుకున్నాయి. ఇంజను ఎంత గుర్రుమన్నా బండి అంగుళం కదల్లేదు.

"దిగు అవ్వా, గిదేంది?" అని ఐలేశ్ తల్లి చెయ్యి పట్టి లాగాడు. చేతి గాజు కూడా జరగలేదు.

"ఎప్పుడు గుంజినా వచ్చిన కదరా," అంది సత్తమ్మ. "మీ నాయిన గుంజితే వచ్చిన, నువ్వు గుంజితే వచ్చిన. ఇయ్యాల జర కూసోబుద్ధి అయితుంది."

తల్లి ముఖంలో అంత సంతోషాన్ని ఐలేశ్ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలాడు.

"టేషన్ దిక్కు మలుపు," అన్నాడు చివరికి.

తాజుద్దీన్ హ్యాండిల్ తిప్పగానే టైర్లు లేచాయి. ఐలేశ్ కూతురి సంచి అందుకుని ముందు సీటు అంచున ఎక్కబోయాడు.

"మనసుతోనే ఎక్కుతున్నవా అన్నా?" అడిగాడు తాజుద్దీన్.

"రైలుకు టైమైతుంది, పోనీ," అన్నాడు ఐలేశ్.

ముగ్గురినీ ఎక్కించుకుని ఆటో ఖాళీదానిలా పోయింది.